లేత్ షెడ్డు నుంచి కంపెనీ స్టోర్స్ దాకా: ఆటో విడిభాగాల సప్లయర్‌గా నిలబడటం ఎలా?

నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో లేత్ పెట్టుకున్నవాళ్ళకు చిల్లర పనికి కొదవ ఉండదు. చీమకుర్తి గ్రానైట్ మోసే టిప్పర్లకు షాకిల్ పిన్నులు, కృష్ణపట్నం పోర్టు లారీలకు కింగ్ పిన్ బుష్‌లు, ట్రాక్టర్ ట్రక్కులకు హుక్కులు. వచ్చినాయన అరిగిపోయిన ముక్క చేతిలో పెట్టి "ఇట్టాంటిదే ఒకటి చేసియ్యి" అంటాడు, సాయంత్రానికి డబ్బులు ఇచ్చి పోతాడు. కంపెనీ పని అలా ఉండదు. ముక్క బదులు డ్రాయింగ్ ఇస్తారు. ఒకటి కాదు, నెలకు పదివేలు అడుగుతారు. డబ్బు రెండున్నర నెలలకు వస్తుంది. చేతిపనిలో గట్టివాళ్ళు కూడా ఇక్కడ దెబ్బతింటారు. ఆ దెబ్బ తగిలేది లేత్ మీద తక్కువ, కాగితం మీదా అప్పు లెక్కలోనూ ఎక్కువ. అందుకే ఇక్కడ సగానికి సగం వాటి గురించే చెబుతున్నాం.

లెక్కలన్నిటికీ ఒకటే ఉదాహరణ పెట్టుకుందాం: 25 మి.మీ. మందం, 100 మి.మీ. పొడవు ఉన్న ఈఎన్8 ఉక్కు పిన్ను. టర్నింగ్, ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైపొరను వేడిచేసి గట్టిపరచడం), ఆపైన గ్రైండింగ్. రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీరు కొటేషన్ ఇచ్చేనాటి రేట్లు పెట్టుకోండి.

1. ఎవరి తలుపు తట్టాలి?

మనకు దక్షిణాన శ్రీసిటీ ఉంది. ఇసుజు ట్రక్కుల ఫ్యాక్టరీ అక్కడ 2016లో మొదలైంది. ఇంకా కిందికి పోతే చెన్నై చుట్టుపక్కల గుమ్మిడిపూండి, అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, ఒరగడం. అయితే బండి తయారుచేసే కంపెనీ గేటు దగ్గరికి నేరుగా పోయి లాభం లేదు. వాళ్ళు అసెంబ్లీలు కొనేది మొదటి అంచె సప్లయర్ల దగ్గర. ఆ మొదటి అంచెవాళ్ళకు విడి ముక్కలు ఇచ్చేవాళ్ళు రెండో అంచె, వాళ్ళ దగ్గర పని తీసుకునేవాళ్ళు మూడో అంచె. (అంచెను ఇంగ్లీషులో 'టియర్' అంటారు. మన నోట్లో అదీ చక్రం టైరూ ఒకటై, కొత్తవాళ్ళు తికమక పడుతుంటారు.) రెండు మూడు సీఎన్‌సీ మిషన్లున్న షెడ్డుకు మూడో అంచెలో చేరడమే మంచి ఆరంభం.

అక్కడ కూడా పని రెండు రకాలు. ఉక్కు మీరే కొని ముక్క అమ్మడం ఒకటి. వాళ్ళ ఉక్కు తెచ్చుకుని కూలికి చేసివ్వడం, అంటే జాబ్ వర్క్, రెండోది. చేతిలో పెట్టుబడి తక్కువైతే మొదటి ఏడాది జాబ్ వర్క్ చేయడమే మేలు. కానీ ఒక షరతు గుర్తుంచుకోండి. జీఎస్‌టీ చట్టం ప్రకారం జాబ్ వర్క్‌కు వచ్చిన సరుకు ఏడాదిలోగా తిరిగి పోవాలి. లేకపోతే పంపినరోజే అమ్మినట్టు లెక్కేసి, కంపెనీ మీద పన్ను పడుతుంది. మీ షెడ్డు మూలన పడి ఉన్న నాలుగు రాడ్లకు వాళ్ళ అకౌంట్స్ సెక్షన్ అంతగా గొడవ చేసేది ఇందుకే. వచ్చిన కిలోలు, పోయిన ముక్కలు, మిగిలిన పొట్టు (కోతలో రాలిన ఉక్కు తుక్కు) మూడూ ప్రతి నెలా రాసి సంతకం పెట్టించుకోండి. పొట్టు ఎవరిదన్నది మొదటిరోజే తేల్చుకోండి. ఎక్కువ తగాదాలు మొదలయ్యేది అక్కడే.

2. మొదటిసారి వెళ్ళేముందు

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, ఉద్యం సర్టిఫికెట్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు), మిషన్ల జాబితా, కొలత పరికరాల జాబితా, ఆ పరికరాల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టండి. మిషన్ల జాబితాలో మోడల్, తయారైన సంవత్సరం, ఎంత మందం ఎంత పొడవు ఆడుతుందో రాయండి. లేని మిషన్ రాయొద్దు, ఆడిట్‌కు వచ్చినవాళ్ళు ముందు అడిగేది దాన్నే.

ఉద్యం మాత్రం మొదటి ఆర్డరుకు ముందే ఉండాలి. సరుకు ఇచ్చేశాక తీసుకుంటే, డబ్బు రానప్పుడు చట్టం అండ దొరకడం కష్టం. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ పది కోట్లు దాటనివి సూక్ష్మ సంస్థలు. మన షెడ్లు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. ఉద్యం నంబరును ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి.

3. డ్రాయింగ్ అందగానే

కొలతల మీదికి పోయేముందు కింది మూలన రివిజన్ నంబరు, తేదీ చూడండి. పాత రివిజన్‌కు రేటిచ్చి, కొత్త రివిజన్‌కు సరుకు చేయాల్సి వచ్చిన షెడ్లు చాలానే ఉన్నాయి. తర్వాత ఎర్ర పెన్నుతో మూడు గుర్తులు పెట్టండి: మీ దగ్గర కొలిచే పరికరమే లేని కొలత, మీ మిషన్ నిలకడగా పట్టలేని టాలరెన్స్, బయట చేయించాల్సిన పని. ఆ మూడింటి గురించీ కొటేషన్‌లోనే రాయండి. "చేస్తాం సార్, చూసుకుంటాం సార్" అని తల ఊపి వచ్చి, శాంపిల్ నాడు నీళ్ళు నమలడం కంటే ముందే చెప్పినవాడికి విలువెక్కువ.

మన పిన్నుకు 25 హెచ్7 (చిన్న అక్షరం h) అని ఉందనుకోండి. మొత్తం గీత, అంటే అనుమతించే తేడా, 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అన్నీ 25కు కింది వైపే. గ్రైండింగ్ నుంచి అప్పుడే దిగిన పిన్ను మైక్రోమీటరు కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 6 మైక్రాన్లు లావుగా చూపిస్తుంది. అంటే పావు గీతకు పైగా అక్కడే పోయింది. పైకొస పట్టుకుని ఓకే చేసినవి చల్లారాక కింద పడవు కానీ, కిందికొస దగ్గర ఓకే చేసినవి కంపెనీ వాళ్ళ ఏసీ గదిలో సన్నమైపోతాయి. మే నెలలో షెడ్డే నలభై దాటి ఉంటుంది. ముక్క, మైక్రోమీటరు, సెట్టింగ్ మాస్టర్ మూడింటినీ ఒకే బల్ల మీద కనీసం గంట ఉంచి కొలవండి. మూడూ ఉక్కే కాబట్టి ఒకే వేడిలో ఉంటే తేడా చాలావరకు రద్దవుతుంది. అల్యూమినియం ముక్కకు ఈ చిట్కా పనిచేయదు. అది ఉక్కు కంటే రెట్టింపు సాగుతుంది.

4. రేటు కట్టడం

తొందరపడకుండా కూర్చోవాల్సిన చోటు ఇది. రాడ్ బరువుకు అందరికీ తెలిసిన సూత్రమే: మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 28 మి.మీ. రాడ్ తీసుకుంటే మీటరుకు 4.84 కిలోలు. 100 మి.మీ. పిన్నుకు కోతకు 3, ముఖాలకు 2 కలిపి 105 మి.మీ. కావాలి. అంటే 0.508 కిలో. ఆరు మీటర్ల రాడ్‌లో 57 ముక్కలు వస్తాయి. కిలో 75 రూపాయలు అనుకుంటే ఉక్కు ఖర్చు 38.10.

సీఎన్‌సీ మీద రెండున్నర నిమిషాలు పడుతుందని గంటకు 24 అని వేసుకోవద్దు. టిప్ మార్చడం, కరెంటు, టీ, కొలత అన్నీ పోగా నూటికి 85 వంతులే లెక్కపెట్టండి, గంటకు 20.4 ముక్కలు. గంటకు మిషన్ రేటు 350 అయితే ముక్కకు 17.20. హార్డెనింగ్ 6, గ్రైండింగ్ 8, ప్యాకింగ్ రవాణా కలిపి 2.50. మొత్తం 71.80. పొట్టు 122 గ్రాములు, దాని మీద వచ్చే 3 రూపాయలు తీసేస్తే 68.80. నూటికి రెండు పాడవుతాయని 1.40 కలపండి. షెడ్డు ఖర్చులకూ లాభానికీ 15 శాతం, అంటే 10.50. ఇప్పుడు 80.70.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. డబ్బు 75 రోజులకు వస్తుందంటే, ఏడాదికి 12 శాతం వడ్డీ మీద ముక్కకు ఇంకో 2 రూపాయలు. రేటు 82.70, దగ్గరగా 83. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. నెలకు పదివేల ముక్కలంటే 8.3 లక్షల సరుకు. రెండున్నర నెలలు బయట ఉండేది 20.75 లక్షలు, 18 శాతం జీఎస్‌టీతో కలిపి 24.5 లక్షలు. ఆ జీఎస్‌టీ కంపెనీ మీకు ఇచ్చినా ఇవ్వకపోయినా, నెలవారీ రిటర్న్ వేసేవాళ్ళు వచ్చే నెల 20లోగా కట్టాలి. ఇన్‌పుట్ క్రెడిట్ (ఉక్కు లాంటివి కొన్నప్పుడు మీరు కట్టిన జీఎస్‌టీ) పోగా మిగిలింది మీ జేబులోంచే. పాతిక లక్షలు తిప్పే శక్తి లేకపోతే నెలకు పదివేలకు ఒప్పుకోవద్దు, నాలుగువేలతో మొదలుపెట్టండి. ఆర్డరు చిన్నదై మూతపడ్డ షెడ్డు అరుదు. పెద్ద ఆర్డరు మింగలేక మూతపడ్డవే ఎక్కువ.

కొటేషన్‌లో ఉక్కు రేటును విడిగా చూపించండి. "ఈ రేటు కిలో 75 మీద కట్టినది, మూడు నెలలకోసారి సవరించాలి" అని ఒక వాక్యం చాలు. కిలోకు 5 రూపాయలు పెరిగితే ముక్కకు 2.54, పదివేలకు నెలకు 25,400. ఆ వాక్యం లేకపోతే అదంతా మీ లాభంలోంచి పోతుంది.

5. శాంపిల్ పాస్ కావడం

వాళ్ళు పీపీఏపీ అడుగుతారు, అంటే ముక్కను రెగ్యులర్‌గా చేయడానికి అనుమతి ఇచ్చేముందు చూసే రుజువులు. మొత్తం పద్దెనిమిది అంశాల ఫైలు అది. ఏ స్థాయి అని విడిగా చెప్పకపోతే మూడో స్థాయి అనుకోండి. అందులో ముఖ్యమైనవి డ్రాయింగ్‌లోని ప్రతి కొలతకూ నంబరు వేసి రాసిన రిపోర్టు, ఉక్కు టెస్ట్ సర్టిఫికెట్, హార్డ్‌నెస్ రిపోర్టు, పనిక్రమం, కంట్రోల్ ప్లాన్. ముక్కలు ఏరి పంపడం కుదరదు. వేరే ఏర్పాటు ఒప్పుకోకపోతే వరసగా తీసిన కనీసం 300 ముక్కల బ్యాచ్ మీద లెక్క చూపాలి. ముఖ్యమైన కొలతకు సామర్థ్య సూచీ 1.67 దాటితే ఇబ్బంది లేదు, 1.33 కంటే తగ్గితే ఒప్పుకోరు. మామూలు మాటల్లో చెప్పాలంటే 1.33 అంటే మీ ముక్కలు ఇచ్చిన గీతలో నాలుగింట మూడు వంతుల్లోనే ఆడాలి. 21 మైక్రాన్ల గీతలో మీకు దక్కేది పదహారు లోపే.

పిన్ను ఇండక్షన్‌లో కొద్దిగా వంగుతుంది. టర్నింగ్‌లో గ్రైండింగ్ కోసం 0.3 నుంచి 0.4 మి.మీ. వదలకపోతే ఒక పక్క నల్లమచ్చ మిగిలిపోతుంది. హార్డ్‌నెస్ రాకపోతే ముందు కొలిమిని అనుమానించకండి, రాడ్‌ను చూడండి. ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉండాలి. దాని పేరుతో మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్ వస్తే కార్బన్ చాలదు కాబట్టి ఎంత కాల్చినా గట్టిపడదు. టెస్ట్ సర్టిఫికెట్ మీది హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత నంబరు), రాడ్ కొస మీది నంబరు ఒకటేనా అని దించుకునేటప్పుడే చూసి, కొసకు రంగు వేయండి. కోసేటప్పుడు రంగు లేని కొస వైపు నుంచి మొదలుపెట్టండి. చివరి ముక్క దాకా రంగు మిగులుతుంది.

6. ఆర్డరు కాగితం

"ముందు లోడు పంపించండి, పీఓ రేపు వస్తుంది" అని ఫోనులో అంటారు. పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్ కాగితం. మంచి మనిషే కావచ్చు, వచ్చే నెల ఆయన బదిలీ కావచ్చు. పీఓ నంబరు లేని బిల్లును స్టోర్స్ కంప్యూటరు తీసుకోదు. సరుకు గేటు లోపల, బిల్లు గేటు బయట ఉండిపోతుంది. అంత అర్జెంటైతే ఒక్క వాక్యం మెయిల్ అయినా తెప్పించుకోండి.

పీఓలో రేటు కంటే ముందు చదవాల్సినవి వేరే ఉన్నాయి. వాయిదా రోజులు ఏ తేదీ నుంచి లెక్కిస్తారు? బిల్లు తేదీ నుంచా, స్టోర్స్ వాళ్ళు జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే రసీదు) వేసిన తేదీ నుంచా? మీ సరుకు రాక వాళ్ళ అసెంబ్లీ లైన్ ఆగితే ఎంత కోస్తారు? రిజెక్ట్ అయిన ముక్కకు ముక్క రేటే కోస్తారా, ఏరివేత కూలీ కూడానా? గేజ్‌లు, ఫిక్స్చర్లు ఎవరి డబ్బు, పని ఆగితే ఎవరివి? షెడ్యూలు ఎన్ని రోజుల ముందు మార్చవచ్చు? నెల మధ్యలో పదివేలను ఆరువేలు చేస్తే, మిగతా నాలుగువేలకు తెచ్చిన ఉక్కు సంగతేమిటి? ఈ చివరిదానికి పీఓలో జవాబు ఉండదు. మీరే అడిగి రాయించుకోవాలి.

7. సరుకు పంపడం

మన తీరం గాలికి తుప్పు తొందర. గ్రైండింగ్ అయిన పిన్నును వానాకాలంలో ఒక్క రాత్రి నూనె లేకుండా వదిలితే తెల్లారేసరికి ఎర్రటి వేలిముద్రలు కనిపిస్తాయి. అవి చెమట గుర్తులు. చేతితొడుగులు, కడిగిన వెంటనే తుప్పు పట్టకుండా పూసే నూనె, లోపల వీసీఐ కవరు (ఆవిరితో తుప్పును ఆపే కవరు). కూలెంట్‌కు ఉప్పు బోరు నీళ్ళు వాడితే నూనె విరిగి, ముక్కలు డబ్బాలోనే మచ్చపడతాయి. మంచినీళ్ళు పోసి, చిక్కదనం 5 నుంచి 8 శాతం మధ్య ఉందో లేదో రోజూ చూడండి. డబ్బాకు లెక్కగా 50, ప్రతి డబ్బా మీద హీట్ నంబరు, తేదీ. ఇంకో హీట్ ముక్కలు అదే డబ్బాలో కలపొద్దు.

ఈ-వే బిల్లు గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. నెల్లూరు నుంచి చెన్నై ఒక రోజులో సరిపోతుంది. ఒంగోలు నుంచి అయితే రెండు రోజులు వస్తుంది. రాష్ట్రం దాటే జాబ్ వర్క్ సరుకుకు విలువ 50 వేలకు లోపున్నా ఈ-వే బిల్లు తప్పదు. తడ దగ్గర బండి ఆగిపోయే కారణాల్లో ఇదొకటి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారం సరుకు ముందే చెన్నై వైపు గోడౌన్లో ఉండాలి. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు మార్గమూ దెబ్బతింది. అలాంటప్పుడు షెడ్డులో సరుకు కొండలా ఉన్నా ఒక్కటే, లేకపోయినా ఒక్కటే. గోడౌన్ అద్దె కంటే లైన్ ఆగిన కోత ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆలస్యం తప్పదని మీకు మంగళవారం తెలిస్తే మంగళవారమే చెప్పండి. గురువారం ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడమే అసలు తప్పు. రెండు రోజుల ముందు తెలిస్తే వాళ్ళు లైన్ మీద ఇంకో మోడల్ ఎక్కించుకుంటారు, కోత కూడా ఉండకపోవచ్చు.

8. రిజెక్షన్ వచ్చినప్పుడు

మొదటి గంటలో వాదించొద్దు. మూడు చోట్ల సరుకు ఆపండి: మీ షెడ్డులో, దారిలో, వాళ్ళ స్టోర్స్‌లో. ఆ హీట్, ఆ తేదీ డబ్బాలన్నీ వేరుచేయండి. డబ్బాల మీద నంబర్లు లేకపోతే ఇక్కడే మొత్తం పదివేలూ ఏరాల్సి వస్తుంది. మనుషుల్ని పంపి ఏరించడం, కంపెనీ పెట్టిన ఏరివేత ఏజెన్సీ బిల్లు కట్టడం కంటే ఎప్పుడూ చవకే.

తర్వాత ముక్క తెప్పించుకుని, ఒకే పిన్నును వాళ్ళ గేజ్‌తోనూ మీ గేజ్‌తోనూ పక్కపక్కన కొలవండి. సగం తగాదాలు గేజ్ తేడాలే. నిజంగానే తప్పు మీదైతే 8డీ రిపోర్టు (ఎనిమిది మెట్లలో కారణం, దిద్దుబాటు రాసేది) అడుగుతారు. అందులో "ఆపరేటర్ అజాగ్రత్త" అని కారణం రాస్తే తిప్పికొడతారు, కొట్టాలి కూడా. టిప్ ఎన్ని ముక్కలకు మారుస్తున్నారు, ఎన్ని ముక్కలకోసారి కొలుస్తున్నారు, ఆ రోజు ఆఫ్‌సెట్ ఎవరు మార్చారు అన్నవి రాయండి.

డెబిట్ నోట్ (రిజెక్ట్ సరుకు డబ్బు కోస్తున్నామని కంపెనీ పంపే కాగితం) వస్తే, సరుకు తిరిగొచ్చిన లెక్కతో సరిచూసుకుని క్రెడిట్ నోట్ ఇవ్వండి. దాని మీద పన్ను తగ్గించుకోవాలంటే, ఆ బిల్లు ఉన్న ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 గడువు.

9. డబ్బు రాబట్టుకోవడం

సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో రాతలో అభ్యంతరం చెప్పకపోతే, అందినరోజే ఒప్పుకున్నట్టు లెక్క. 2023–24 నుంచి ఆదాయపు పన్నులో ఇంకో మెలిక వచ్చింది. గడువులోగా మీకు చెల్లించకపోతే ఆ ఖర్చు కొనుగోలుదారుకు ఆ ఏడాది లెక్కలోకి రాదు, ఎప్పుడు కడితే అప్పుడే. మార్చి నెలలో మీ ఫోన్ ఎత్తడానికి ఇది మంచి కారణం.

మరి 75 రోజులని ఎందుకు రేటు కట్టాం? చట్టం 45 అన్నా, మూడో అంచెలో డబ్బు నడిచే తీరు అది. చట్టాన్ని మొదటి ఆయుధంగా వాడొద్దు. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో (ఈ చట్టం కింద బాకీల తగాదాలు చూసేది) ఫిర్యాదు వేస్తే డబ్బు రావచ్చు, ఆర్డరు మాత్రం ఉండదు. ముందు నెలకోసారి బాకీల పట్టిక పంపండి. జీఆర్ఎన్ నంబరు, పీఓ నంబరు, ఎన్ని రోజులు దాటింది. పర్చేజ్ వాళ్ళకు పంపితే చాలదు, అకౌంట్స్ వాళ్ళకూ పంపండి. ఎక్కువసార్లు ఆగేది మనసు లేక కాదు, ఏదో ఒక జీఆర్ఎన్‌లో ముక్కల సంఖ్య తేడా ఉండి. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ట్రెడ్స్ వేదికల్లో (బిల్లుల మీద ముందే డబ్బు దొరికే ఆన్‌లైన్ వేదికలు) నమోదు కావాలి. మీ కొనుగోలుదారు అందులో బిల్లు ఒప్పుకుంటే వారంలోపే వడ్డీ మినహాయించుకుని డబ్బు తీసుకోవచ్చు.

ఇంకోటి, టర్నోవర్‌లో సగానికి మించి ఒకే కంపెనీ మీద ఆధారపడొద్దు. టిప్పర్ల పిన్నుల పని వదలొద్దు, శనివారం కూలీలు దాని మీదే నడుస్తాయి. అయితే కంపెనీ బ్యాచ్ నడుస్తున్న మిషన్ మీద అర్జెంటని ఆ పని ఎక్కించొద్దు. సెట్టింగ్ చెడి, మళ్ళీ కుదిరేలోపు పది పిన్నులు పోతాయి.

10. ఏడాది తిరిగాక "రేటు తగ్గించండి"

తప్పక అడుగుతారు, రెండు మూడు శాతం. లాభంలోంచి ఇస్తే వచ్చే ఏడాది మళ్ళీ ఇవ్వాలి. పనిలోంచి తీయండి. 28 రాడ్ బదులు 26 వాడితే ముక్కకు 0.438 కిలో చాలు. 70 గ్రాముల ఉక్కు మిగిలి, తగ్గే పొట్టు పోను ముక్కకు మూడున్నర రూపాయలు కలిసొస్తుంది. 83 మీద నాలుగు శాతం. కానీ ఇక్కడ ఒక గోతి ఉంది. నల్లరాడ్ పైపొరలో కార్బన్ తగ్గి ఉంటుంది. 26 నుంచి టర్నింగ్‌లో పక్కకు 0.3 మాత్రమే తీస్తే ఆ మెత్తటి పొర పూర్తిగా పోక, హార్డ్‌నెస్ అక్కడక్కడా పడిపోతుంది. పొర ఒలిచిన బ్రైట్ రాడ్ తీసుకోండి. దాని రేటు ఎక్కువ కాబట్టి లెక్క మళ్ళీ వేయండి. మార్చేముందు రాసి అనుమతి తీసుకోవాలి. చెప్పకుండా రాడ్ సైజు మార్చడం, హార్డెనింగ్ షాపు మార్చడం, ఆఖరికి మిషన్‌ను ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరపడం కూడా వాళ్ళ దృష్టిలో నమ్మకద్రోహమే. ముక్కలన్నీ బాగున్నా సరే.

ఎంత లెక్కేసినా గిట్టకపోతే, సరుకు ఆపి బెదిరించకుండా పీఓలో ఉన్న నోటీసు గడువు ఇచ్చి రాతలో చెప్పండి. ఆ గడువుకు సరిపడా ముక్కలు చేసి ఇవ్వండి. వాళ్ళ గేజ్‌లు, ఫిక్స్చర్లు, డ్రాయింగులు డెలివరీ చలాన్ మీద తిరిగి పంపి, స్టాంపు వేసిన కాపీ ఫైల్లో పెట్టుకోండి. ఆఖరి బాకీ పట్టిక మీద అకౌంట్స్ వాళ్ళ సంతకం తీసుకున్నాకే ఆ చివరి డబ్బాలు లోడు చేయండి.